గాలి లెక్క

తిమారు రేవు వెనక, ఉప్పుగాలి తగ్గని వీధిలో
పాత ఉన్ని గోదాము.
మూడంతస్తులు కాదు, మూడున్నర.
ఆ అర దేనికో నక్షాలో లేదు.

మొదటిసారి తాళం తీసినరోజు
వాసన ముందొచ్చింది, వెలుగు తర్వాత.
తడి గొర్రె, తడి గోనె.
నూరేళ్ల ఉన్నిజిడ్డు తాగి తాగి
నేల చెక్కలు చింతపండుతో తోమిన ఇత్తడిలా ఉన్నాయి.
ఇస్లా జారి పడింది.
లేవకుండానే అంది: "పాలిష్ ఖర్చు కొట్టెయ్."

కప్పంతా రంపం పళ్లు.
పన్నుకో అద్దం, అన్నీ దక్షిణానికే.
ఈ దేశంలో ఎండ ఉత్తరాన్నించి వస్తుంది.
ఉన్ని కొనేవాడికి ఎండ అక్కర్లేదు,
నీడ పడని వెలుగు కావాలి,
పోగు విడదీసి, గిల్లి, పెదవి విరవడానికి.
ఆ బేరగాళ్ల అనుమానమే
ఇవాళ మా బల్లల మీద పగలంతా
పైసా ఖర్చు లేని దీపం.

గోడల్లో ఉన్నే కూరాం.
ఇక్కణ్ణించి ఓడెక్కి పోయిన గొర్రెల
మునిమనవల మునిమనవలు
తిరిగొచ్చి ఇటుకల వెనక పడుకున్నాయి.
కవిత్వం కోసం కాదు. తేమ పీల్చి వదులుతుంది, అందుకు.
గాజుదూది కన్నా ఖరీదు.
పద్దులు రాసే మార్గరీటకు ఆ కోపం ఇంకా పోలేదు.

ఇక గాలి పరీక్ష.
వాకిలికి ఎర్ర గుడ్డ బిగించి, నడుమ ఫ్యాను పెట్టి
లోపలి గాలిని బయటికి లాగుతాం.
భవనం ఊపిరి బిగపడుతుంది.
ఎక్కడ బిగపట్టలేదో అక్కడ ఈల వేస్తుంది.
గంటకి ఒకసారికి మించి గాలి మారకూడదని మా పందెం.
మీటరు మూడు చూపించింది.

తమాటి టేపు చుట్టలు గాజుల్లా మోచేతి దాకా తొడుక్కుని
మూడు రోజులు నిచ్చెన దిగలేదు.
రెండున్నర.
మళ్లీ చూశాం. రెండున్నర.
ఓటికుండలో నీళ్లు పోస్తున్నట్టుంది,
ఓటి ఎక్కడో తెలీదు.

గేటు దగ్గర రోజూ నిలబడే ముసలాయన, డూగల్ రేబర్న్,
ఇక్కడే ముప్పై ఎనిమిదేళ్లు బేళ్లు దొర్లించినవాడు,
ఆ రోజు లోపలికొచ్చాడు. మీటరు వంక చూడలేదు.
"పిల్లి ఎటునించి వచ్చేదో కనుక్కున్నారా?"
ఏ పిల్లి?
"ఎప్పుడూ ఒకటుండేది."

మెట్ల మలుపులో, కొత్త గోడపలక మీద
కర్రతో మూడుసార్లు కొట్టాడు.
పొగపుల్ల వెలిగించి ఆ అంచుకి పట్టాను.
అంతసేపూ నిటారుగా లేచిన పొగ
మెడ తిప్పి
పరుగెత్తింది.

పలక కోశాం. వెనక ఆ అర.
బేళ్లు జారి రైలు పెట్టెల్లో పడే ఏటవాలు బల్ల,
రైలు మానేసిన ఏడు కొట్టిన నాలుగు చెక్కలు,
చెక్కల సందుల్లో సముద్రం.
పెన్సిలుతో గోడ నిండా అయిదేసి గీతలు.
ఎవరూ కూడని లెక్క.

"మీకెలా గుర్తుంది?" అంది ఇస్లా.
ఆయన ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు.
రెండు వేళ్లు లేవు.
"కాసేపు ఆగండి," అన్నాడు, మూసెయ్యబోతుంటే.
ఆ గాలికి ఎదురుగా నిలబడ్డాడు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరం ఆపలేదు.

తర్వాత మూసేశాం. సున్నా పాయింటు తొమ్మిది.
తమాటి అరిచిన అరుపుకి
కప్పు మీది గల్లు పక్షులు లేచిపోయాయి.

జూలైలో, బయట మంచు గడ్డకట్టిన ఉదయం,
పిలిస్తే వచ్చాడు.
హీటరు పనిలేదు. నలభై మంది ఒంటివేడి,
నలభై కంప్యూటర్ల వేడి చాలు.
టీ చల్లారేదాకా కూర్చుని
గుండీలు ఒక్కొక్కటీ తీశాడు,
మూడు వేళ్లతో, తొందర లేకుండా.
ఈ కప్పు కింద ఎన్నడూ విప్పని కోటు.

తగిలించడానికి గోడంతా వెతికాడు.
మేకు లేదు.
మేకు కొడితే గాలి పొర చిరుగుతుంది,
ఆ నియమం రాసింది నేనే.

చేతులు చాచాను.
కోటు బరువుగా ఉంది. ఇంకా చల్లగా ఉంది.